దూరం విసరని చెయ్యి

లీసెస్టర్‌లో ఫిజియోథెరపిస్టుగా చేసిన ఉద్యోగం గురించి ఏమైనా రాయమని, ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్న మన అమ్మాయిలు కొందరు అడుగుతున్నారు. ఏ గ్రేడులో చేరానో, ఏ గ్రేడులో దిగానో రాయను. అది వాళ్ళకూ అక్కర్లేదు. డ్యూటీల రోటా గొడవలూ రాయను, మొదలుపెడితే నాకే బీపీ పెరుగుతుంది. మన పనిలో అన్నిటికన్నా బరువైనదాని గురించి రాస్తాను. అది బిగుసుకుపోయిన మోకాళ్ళు వంచడం కాదు, పడిపోయిన నడుములు నిలబెట్టడం కాదు. తెలిసిన సంగతిని నోట్లోనే ఉంచుకోవడం.

అలా ఉంచుకోవడం వల్ల ఒక మనిషి భుజం కొంతవరకు దక్కింది. అదే మనిషికి ఉన్న మంచిపేరు పోయింది. రెండూ నా కళ్ళముందే జరిగాయి. అతని పేరు డారెన్.

మిసెస్ హోల్ట్

డారెన్ దగ్గరికి రావడానికి ముందు మా సూపరింటెండెంట్ మిసెస్ హోల్ట్ గురించి చెప్పాలి. ఆవిడ నవ్వడం నేను చూడలేదు. కర్టెన్ పూర్తిగా లాగకుండా పేషెంట్ మీద చెయ్యి వేస్తే, వెనకనుంచి వచ్చి తనే బర్రున లాగేది. ఆవిడంటే నాకు భయమే కానీ ఇష్టం ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆవిడ చలవే.

నా కింద స్వప్న అని హైదరాబాద్ అమ్మాయి పనిచేసేది. చురుకైన పిల్ల, చెయ్యి మంచిది. ఒక ఉగాదికి తెలుగువాళ్ళమంతా స్కూలు హాలు అద్దెకు తీసుకుని కలుసుకున్నాం. పులిహోర ప్లేటు పట్టుకుని ఒక ఆంటీ స్వప్నను అడిగింది, "ఏమ్మా, పద్మ మీ దగ్గరికే వస్తోందంట కదా, నడుమెలా ఉంది పాపం?" మనవాళ్ళలో ఒంటి సంగతి అడగడం ప్రేమ, అడక్కపోతేనే తప్పు. స్వప్న కూడా అదే ప్రేమతో, "డిస్క్ కొంచెం జారింది ఆంటీ, ఆపరేషన్ దాకా రాదు లెండి" అంది.

పద్మ కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే పని చేసేది. నడుము సంగతి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోలేదు. సాయంత్రానికి ఆవిడ నడుము ఊరందరిదీ అయిపోయింది. ఆ తరవాత ఆవిడ మా డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కలేదు. వైద్యం సగంలో ఆగిపోయింది.

మిసెస్ హోల్ట్ స్వప్నను పిలిచి ఒకటే అంది. "ఆవిడ తన నొప్పి నీకు చూపించింది. నీకు ఇచ్చెయ్యలేదు." స్వప్న ఏడ్చింది. నాకు ఆ పిల్లమీద జాలి వేసింది కానీ ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆదివారాల ఆట

తొంభైల చివర్లో ఒక పేషెంట్ బతిమాలితే, ఆదివారాలు ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సాయంగా వెళ్ళడం మొదలుపెట్టాను. గ్రౌండు గీతపక్కన వైద్యం తెలిసిన మనిషి లేకపోతే రిఫరీ ఆట మొదలుపెట్టడు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలమీద దిళ్ళంతేసి ప్యాడ్లు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి కోసం ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట అది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే, దీన్ని చూసి ఊరు నవ్వేది. ఆడేవాళ్ళు ప్లంబర్లు, బస్సు డ్రైవర్లు, యూనివర్సిటీ విద్యార్థులు. చూసేవాళ్ళు చాలా కొద్దిమంది. అయితే వాళ్ళ వాదనలు వింటే స్టేడియం నిండిపోయిందనుకోవాలి.

ఆ కొద్దిమందిలో మన శ్రీధర్ ఒకడు. హైదరాబాద్ వాడు, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్. వారమంతా రీడింగ్ అనే ఊళ్ళో ఆఫీసు, శుక్రవారం కారేసుకుని లీసెస్టర్‌లో ఇంటికి వచ్చేవాడు. అంతకుముందు టెక్సస్‌లో ఏదో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఈ పిచ్చి అంటుకుంది. భార్య గుడికి రమ్మంటే వంద పనులుండేవి, గ్రౌండుకు మాత్రం వానలోనూ తయారు. నాకు ఆట తెలియదని తెలిసి, తనే గురువై నేర్పాడు.

"అక్కా, గీ ఆటల అందరూ ఉరుకుతరు, అందరూ గుద్దుకుంటరు. ఆలోచించేటోడు ఒక్కడే. క్వార్టర్‌బ్యాక్. బంతి ముందుగాల ఆని చేతికొస్తది. ఎవరికి ఇసరాలె, ఎప్పుడు ఇసరాలె, అంతా ఆనిదే. మంచోడు ఒక్కడు దొరికితే పదేండ్లు ఫికర్ లేదు."

అలాంటి ఒక్కణ్ణి, జట్టంతా ఎవరి చుట్టూ కట్టుకోవచ్చో ఆ మనిషిని, అమెరికాలో ఫ్రాంచైజ్ క్వార్టర్‌బ్యాక్ అంటారట. శ్రీధర్ ఆ మాటను మా క్లబ్బులోకి తెచ్చాడు. ఆ తరవాత అందరి నోటా అదే. వరుడికోసం వెతికినట్టు వెతికేవారు.

క్లబ్బుకు ఒక ఆచారం ఉండేది. ఆగస్టులో సీజను అయిపోయాక, సెప్టెంబర్‌లో ఒక పబ్ మేడమీద గదిలో సభ్యులందరూ కూర్చుని వచ్చే ఏడాది సంగతి తేల్చేవారు. ఆటగాళ్ళు, అభిమానులు, టీ కాచే మార్గరెట్, నేను, అందరికీ తలా ఒక ఓటు. ఎవరి స్థానం గురించి చర్చ వస్తుందో ఆ ఆటగాడు మాత్రం కింద బార్‌లో కూర్చోవాలి. ఎదురుగా ఉంటే మొహమాటం అడ్డొస్తుందని, లేకపోతేనే నిజం మాట్లాడగలమని వాళ్ళ నమ్మకం. అది మర్యాద అనుకునేవారు. మనిషి లేనిచోట అతని గురించి నిజం ఎక్కువ పలుకుతుందని నేనెప్పుడూ నమ్మలేదు.

భుజం

డారెన్ మా క్వార్టర్‌బ్యాక్. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. ఇళ్ళ గోడలకూ సీలింగులకూ ప్లాస్టరింగ్ చేసేవాడు. అతనికి పని ఇచ్చేది కీత్ అనే బిల్డరు. ఆ కీతే మా క్లబ్బు చైర్మన్. ఈ సంగతి గుర్తుంచుకోండి, మొత్తం చిక్కంతా అక్కడే ఉంది.

ఒక సీజను మధ్యలో డారెన్ కుడిభుజం మీద ఇద్దరు పడ్డారు. లేచి ఆట పూర్తిచేశాడు. రెండురోజుల తరవాత ఆసుపత్రిలో నా ముందు కూర్చున్నాడు, చొక్కా విప్పుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. స్కాన్ తీస్తే లోపల కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ సగానికి పైగా చినిగి ఉంది. కన్సల్టెంట్ ఆపరేషన్ కావాలన్నాడు, దానికి చాలా నెలలు ఆగాలన్నాడు.

"సూ, ఇది క్లబ్బులో ఎవరికీ తెలియకూడదు" అన్నాడు డారెన్. సుభాషిణి అని పలకలేక అందరూ నన్ను సూ అనేవారు.

"ముందు ఆడటం మానెయ్యి."

"మానేస్తే ఎందుకు మానేశావని కీత్ అడుగుతాడు. భుజం పోయిందని తెలిస్తే నన్ను సీలింగు పనికి పిలవడు. సీలింగులు చెయ్యలేని ప్లాస్టరర్‌ని ఎవరు పెట్టుకుంటారు? ఇప్పటికైతే ఎడమచేత్తో ఎలాగో నెట్టుకొస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు."

అతనిది మూర్ఖత్వమే. ఆ మాట ముఖంమీదే అన్నాను, తరవాత కూడా ప్రతివారం అన్నాను. తలకు దెబ్బ తగిలి ఉంటే నేనే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేదాన్ని, అప్పుడు పేషెంట్‌కు ఆలోచించే శక్తి ఉండదు. ఇతనికి బుద్ధి స్థిమితంగానే ఉంది. భుజం అతనిది, బతుకు అతనిది. కొత్తగా వచ్చే పిల్లలు ఇక్కడే తొందరపడతారు. మన సలహా వినకపోతే పేషెంట్ మీద కోపం వస్తుంది, కోపం వస్తే నోరు జారుతుంది. కోపాన్ని ఇంటికి పట్టుకుపోయి గిన్నెల మీద చూపించుకోవాలి. నేను అదే చేశాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. "దూరం విసరకు. పక్కవాడి చేతికి అందించు, లేదా నాలుగడుగుల్లో ఉన్నవాడికి ఇవ్వు. అంతకుమించి విసిరితే మిగిలింది కూడా తెగిపోతుంది" అన్నాను. సరేనన్నాడు.

నేను ఉద్యోగంలో ఎందరికో ఎన్నో జాగ్రత్తలు చెప్పాను. సగంమంది కారు పార్కింగ్ చేరేలోపే మరిచిపోతారు. డారెన్ ఒక్కడే తు.చ. తప్పకుండా పాటించాడు. తనవాడు అల్లంత దూరాన ఖాళీగా పరుగెత్తుతూ చెయ్యెత్తి పిలుస్తుంటే, డారెన్ అటు చూసేవాడు. ఒక్క క్షణం చూసి, బంతిని దగ్గరివాడికి ఇచ్చేసేవాడు. ఎంత విసరాలనిపించి ఉంటుందో నాకు తెలుసు. నా పక్కనే శ్రీధర్ తల పట్టుకునేవాడు.

"ఇసరవేందిరా నాయనా. అక్కా, చూసినవా? ఆడు ఖాళీగున్నడు, వీనికి కనబడ్తున్నడు. అయినా ఇసుర్తలేడు. భయం పట్టుకుంది వీనికి."

నేను ఐస్ ప్యాకులు సర్దుకుంటూ ఉండేదాన్ని. ఆ సీజను మిగతా ఆటలన్నీ ఓడిపోయాం.

మేడమీద

ఆ సెప్టెంబర్‌లో మీటింగు డారెన్ గురించే. అతను ఆచారం ప్రకారం కింద కూర్చున్నాడు. ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. పైన గది నిండిపోయింది.

మొదట శ్రీధర్ లేచాడు. ఇంగ్లీషు మాట్లాడితే అతని నోట టెక్సస్ పలికేది. "మనకు ఈ ఏటికి సరిపోయే మనిషి కాదు, ఏళ్ళ తరబడి నిలిచే మనిషి కావాలి. యూనివర్సిటీకి అమెరికా నుంచి పిల్లలు వస్తూనే ఉంటారు. చిన్నప్పటినుంచి ఈ బంతి పట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుందాం" అన్నాడు.

"వాడు చదువైపోగానే విమానమెక్కుతాడు" అంది మార్గరెట్. "మన పిల్లల జట్టులోంచే ఒకణ్ణి తీసుకుని పెంచుకుందాం."

"వాడు పెరిగేసరికి నేనుండను" అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన. ఇంకెవరో నాటింగ్‌హామ్ జట్టు కుర్రాణ్ణి బుజ్జగించి తెచ్చుకుందామన్నారు. వాళ్ళ కుర్రాణ్ణి మనం తెస్తే మన కుర్రాణ్ణి వాళ్ళు తీసుకుపోతారని మరొకరు. మన కుర్రాణ్ణి ఎవరు తీసుకుపోతారులే అని ఇంకొకరు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కీత్ నావైపు తిరిగాడు. "సూ, నువ్వు గీతపక్కనే ఉంటావు. డారెన్‌కు దెబ్బేమైనా ఉందా? ఉంటే ఈ మాట వేరు. లేకపోతే ఇది ధైర్యం సంగతి."

గదిలో తలలన్నీ నావైపు తిరిగాయి. ఉందని ఒక్క మాట అంటే డారెన్ పేరు నిలుస్తుంది. అదే మాటతో, అడుగుతున్న ఈ మనిషి దగ్గరే అతని పని పోతుంది.

"కింద ఉన్నాడు. అతన్నే పిలిచి అడగండి" అన్నాను.

"అది మన పద్ధతి కాదు."

"ఒకరి ఒంటి సంగతి నన్ను అడగడం కూడా పద్ధతి కాదు కీత్. ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. ఇక్కడున్న ఎవరి గురించి అడిగినా ఇదే చెబుతాను."

అంతకన్నా స్పష్టంగా చెప్పడం నాకు చేతకాదు. అయినా వాళ్ళకు కావలసిందే వినపడింది. శ్రీధరే అన్నాడు, నన్ను పొగుడుతున్నాననుకుని. "దెబ్బే ఉంటే సూ అతన్ని గ్రౌండులోకి అడుగు పెట్టనిచ్చేదా? ఆమె సంగతి మనకు తెలియదా?" గదంతా తలూపింది. నామీద ఉన్న గౌరవాన్నే తీసుకుని డారెన్ మీద వేశారు. డారెన్‌ను మార్చాలని చేతులు లేచాయి. నాదీ, మార్గరెట్‌దీ లేవలేదు.

ఆచారం ప్రకారం చైర్మనే కిందికి వెళ్ళి చెప్పాలి. నేనూ వెనకే దిగాను. కీత్ చెడ్డవాడు కాదు, భుజం తట్టబోయాడు, అదీ కుడిభుజమే. డారెన్ కొంచెం పక్కకు జరిగాడు.

"ఏమనుకోకు డారెన్. ఇంకాస్త గుండె ఉన్నవాణ్ణి వెతుకుదామని నిర్ణయించారు" అన్నాడు కీత్.

డారెన్ నావైపు చూశాడు. చెప్పావా అని ఆ చూపు అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. అతను ఊపిరి వదిలి, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. గ్లాసు సగం అలాగే ఉంది.

వెతుకులాట

అమెరికా కుర్రాడు దొరికాడు. అద్భుతంగా విసిరాడు. శ్రీధర్ పండగ చేసుకున్నాడు. తరవాతి వేసవిలో ఆ కుర్రాడు విమానమెక్కాడు. తరవాత నాటింగ్‌హామ్ వాణ్ణి తెచ్చారు, వాడికి మా కోచ్‌తో పడలేదు. ఆ తరవాత మార్గరెట్ మాట విని మన పిల్లవాణ్ణి పెంచారు, వాడు ఎడిన్‌బర్గ్‌లో సీటొచ్చి వెళ్ళిపోయాడు. ప్రతి సెప్టెంబర్‌లోనూ అదే గది, అదే చర్చ.

డారెన్‌కు ఆ శీతాకాలంలో ఆపరేషన్ అయింది. వేరే ఊళ్ళో పని దొరికిందని కీత్‌కు చెప్పి మానేశాడు. ఆ తరవాత నెలల తరబడి వారం వారం నా దగ్గరికి వచ్చాడు. ఒక్క అపాయింట్‌మెంట్ తప్పలేదు. చెయ్యి భుజం ఎత్తు దాటి కొంత పైకి వచ్చింది, అక్కడ ఆగింది. గోడలు చెయ్యగలడు, సీలింగులు చెయ్యలేడు. క్లబ్బు గురించి నేను ఎత్తలేదు, అతనూ అడగలేదు.

అతను అడక్కపోవడమే మేలయింది, ఎందుకంటే క్లబ్బులో అతని పేరు మాటగా మారిపోయింది. ఎవరైనా జంకి బంతిని దగ్గరికే ఇస్తే దాన్ని 'డారెన్' అనేవారు. "డారెన్ వెయ్యకు" అని గీతపక్కనుంచి అరిచేవారు. పిల్లల జట్టులో అతన్ని ఎన్నడూ చూడనివాళ్ళు కూడా అనేవారు. ఆ మాట వినపడిన ప్రతిసారీ నాకు చెంప పగలగొట్టాలనిపించేది. ఎవరి చెంపో తెలిసేది కాదు.

శ్రీధర్ ఇల్లు

కొన్నేళ్ళకు శ్రీధర్ ఒక పాత ఇల్లు కొన్నాడు. ప్లాస్టరింగ్‌కు ఇద్దరు మనుషులొచ్చారు. వాళ్ళలో ఒకరు డారెన్. ఒకాయన సీలింగు చేస్తుంటే డారెన్ గోడలు చేస్తున్నాడు. శ్రీధర్ టీ తెచ్చి ఇస్తూ, నవ్వుతూ, "సీలింగు కూడా నీకు దూరమేనా?" అన్నాడట. డారెన్ చేతిలో పనిముట్టు కింద పెట్టి, ఏమీ కోప్పడకుండా, భుజం సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడట.

ఆ సాయంత్రమే శ్రీధర్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకు తెల్సు కదక్కా. మొత్తం తెల్సు."

"తెలుసు."

"మరెందుకు చెప్పలే? నేను అంత మంది ముంగట ఆన్ని పిరికోడంటుంటే నువ్వు ఊకున్నవు. ఒక్క మాట నా చెవుల వేస్తే అయిపోతుండె."

"నీ చెవిలో వేస్తే కీత్ చెవిలో వెయ్యకుండా ఉండేవాడివా?"

అతను లోపలికి వచ్చి కూర్చున్నాడు. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

"ఈసారి మీటింగుల అందరికీ చెప్త. మాఫీ అడుగుత."

"డారెన్‌ను అడిగి చెప్పు."

అడిగాడు. డారెన్ వద్దన్నాడు. ఇప్పటి కాంట్రాక్టరుకూ కీత్‌కూ స్నేహం ఉంది, ఆ కాంట్రాక్టరుకు కూడా భుజం సంగతి పూర్తిగా తెలియదు, కదిలించవద్దన్నాడు. అంతే, శ్రీధర్ నోరు కూడా కట్టేసినట్టయింది. తరవాతి ఆదివారం గీతపక్కన ఎవరో "డారెన్ వెయ్యకు" అని అరిచారు. శ్రీధర్ ముఖం కందిపోయింది. ఆ మాటను మొదట వాడుకలోకి తెచ్చినవాళ్ళలో తనూ ఒకడు. ఆట ముగిసేదాకా గ్రౌండుకు ఆ చివర ఒక్కడే నిలబడ్డాడు. ఆ సెప్టెంబర్‌లో మేడమీద అందరూ క్వార్టర్‌బ్యాక్ గురించి కొట్టుకుంటుంటే అతను నోరు విప్పలేదు.

మెట్లు దిగుతూ నన్ను అడిగాడు. "ఎట్ల మోసినవక్కా ఇన్నేండ్లు?"

మోశాను, అంతే. ఎలాగో నాకూ తెలియదు.

చివరి క్లినిక్

రెండువేల ఎనిమిదిలో రిటైరయ్యాను. ఆఖరి వారం డారెన్ పువ్వులు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఇప్పుడు కాలేజీలో ప్లాస్టరింగ్ నేర్పే ఉద్యోగం చేస్తున్నానని, విద్యార్థులే సీలింగులు చేస్తారని, తాను కింద నిలబడి తిడతానని చెప్పాడు. అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

నన్ను ఏళ్ళుగా తినేస్తున్న ప్రశ్న అప్పుడు అడిగాను. "ఆ రోజు మేడమీద నేను చెప్పేసి ఉంటే నీకు మేలయ్యేదా?"

"పిరికివాడని అనేవాళ్ళు కాదు" అన్నాడు. "కానీ నేను మళ్ళీ నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు సూ. ఈ చెయ్యి ఈ మాత్రమైనా లేచేది కాదు."

ఆ మాటతో నా బరువు దిగిందని రాస్తే అబద్ధం. చేసిన పని సరైనదే అయినా, దానివల్ల ఒకరు నష్టపోతారు. ఒక్కోసారి ఆ నష్టపోయేది మనం కాపాడదామనుకున్న మనిషే. ఈ ఉద్యోగంలో అది తప్పదు. తప్పదని తెలిసే ఇందులోకి రండి.

కొత్త పిల్లల కోసం ఇదంతా రాయాలనుకుంటున్నానని, నీ సంగతి రాయవచ్చా అని అడిగాను. ఇప్పుడు దాచడానికేమీ లేదు, రాయమన్నాడు. పేరు మారుస్తానని చెప్పాను. మా వృత్తిలో అదే పద్ధతి.

"మార్చకు" అన్నాడు. "క్లబ్బు పిల్లలు ఇంకా ఆ పేరుతోనే అరుస్తున్నారని నాకు తెలుసు. నా కొడుకు ఆ జట్టులో ఆడటానికి వెళ్ళి, విని ఇంటికొచ్చాడు. అసలు సంగతి కూడా ఆ పేరుతోనే తెలియనీ."

కొడుకుతో ఏం చెప్పావని అడగలేకపోయాను.

ఇందులో మిగతా అందరి పేర్లూ మార్చాను. డారెన్ పేరు మాత్రం మార్చలేదు.